ఊరి కళాకారులకు పురస్కారం: తరచుగా అడిగే ప్రశ్నలు

యువజన సంఘాలు కావచ్చు, గ్రంథాలయ కమిటీలు, నాటక సమాజాలు కావచ్చు, అమెరికాలో స్థిరపడ్డ ఊరివాళ్ళ వాట్సాప్ గ్రూపులు కావచ్చు. స్థానిక కళాకారులను సన్మానిద్దామని ఎవరు బయల్దేరినా తిరిగి తిరిగి అవే సందేహాలు. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పేకన్నా అన్నీ ఒకచోట పెడితే మేలని ఈ పేజీ. మీ పని ఏ దశలో ఉందో చూసుకుని నేరుగా ఆ ప్రశ్నకు వెళ్ళండి. సినిమా, టీవీ అవార్డుల సంగతి ఇందులో లేదు. బుర్రకథ, ఒగ్గుకథ, చిందు, తోలుబొమ్మలాట, పద్యనాటకం, డప్పు, కోలాటం, చెక్కభజన, తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు, పాడేవాళ్ళు, బొమ్మలు చెక్కేవాళ్ళు, బట్ట మీద కథలు గీసేవాళ్ళ గురించే ఇదంతా.

## మొదలుపెట్టే ముందు

ప్రభుత్వం ఎలాగూ అవార్డులు ఇస్తోంది కదా, మళ్ళీ మనమెందుకు?

పద్మ పురస్కారాలు దేశం మొత్తానికి, అన్ని రంగాలకూ కలిపి ఏడాదికి 120కి మించవు. మరణానంతరం ఇచ్చేవి, విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఇచ్చేవి మాత్రం ఆ లెక్కలోకి రావు. అయినా ఈ మధ్య మన జానపదానికి బాగానే చోటు దొరికింది. తోలుబొమ్మలాటకు అనంతపురం వైపు నిమ్మలకుంట నుంచి దళవాయి చలపతిరావుకు 2020లో, గోండుల గుస్సాడి నృత్యానికి కనకరాజుకు 2021లో, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగిలయ్యకు, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో, చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణకు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అక్కడిదాకా ఒక పేరు వెళ్ళాలంటే ముందు ఎవరో దాన్ని కాగితం మీద పెట్టాలి. జీవితమంతా కథ చెప్పిన మనిషి దగ్గర ఆ సంగతి చెప్పే కాగితం ఒక్కటీ ఉండకపోవడం మామూలే. మీ పురస్కారం ఆ మొదటి కాగితం అవుతుంది.

కళాకారులంటే ఎవరెవరు? మా కమిటీలో దీని మీదే గొడవ.

గొడవ రావాల్సిందే, వస్తే మంచిదే. చాలా కమిటీల్లో తేలకుండా మిగిలేది కులం సంగతి. చిందు భాగోతం, ఒగ్గుకథ, పటం కథలు ఒక్కొక్క కులాన్ని ఆశ్రయించుకుని బతికిన కళలు. ఏ ఊళ్ళో ఎవరు ఆడాలో, ఎవరి దగ్గర కట్నం తీసుకోవాలో మిరాశీ (వంశపారంపర్య) హక్కులు ఉండేవి. ఏటా వచ్చి ఆడి, ధాన్యమో డబ్బో తీసుకుని వెళ్ళే ఆ మనుషులను "అడుక్కోవడానికి వచ్చారు" అనే చూపు ఇంకా పోలేదు. గంగిరెద్దులవాళ్ళు, హరిదాసులు, పగటివేషగాళ్ళ విషయంలోనూ అంతే. శాస్త్రీయ సంగీతం, నాట్యం, నాటకం వరకే అని నియమం పెట్టుకుంటే మండలంలోని సగం కళను గుమ్మం బయటే ఆపేసినట్టు. మా సలహా: ఎవరిదగ్గరో నేర్చుకుని, నలుగురి ముందు చేసి, దాని మీద ఎంతో కొంత బతికినవాళ్ళు అందరూ కళాకారులే. చేతిపని వాళ్ళనూ కలుపుకోండి. బట్ట మీద కథను గీసే చేర్యాల నకాషీ పటం లేకపోతే దాని ముందు నిలబడి కథ చెప్పేవాళ్ళు లేరు.

సంఘాన్ని రిజిస్టర్ చేయించాలా?

మొదటి ఏడాది అక్కర్లేదు. ఊరివాళ్ళు చందాలు వేసుకుని చేసుకునే కార్యక్రమానికి ఒక లెక్కల పుస్తకం, సంతకం పెట్టే ఇద్దరు మనుషులు చాలు. ఏటా చేయాలనుకుంటే, బ్యాంకు ఖాతా సంఘం పేరు మీదే ఉండాలనుకుంటే రిజిస్ట్రేషన్ కావాలి. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి.

అవార్డుకు ఎవరి పేరు పెట్టాలి?

డబ్బిచ్చిన దాత వాళ్ళ నాన్నగారి పేరు పెట్టమంటారు. తప్పేమీ లేదు, కాకపోతే ఆ దాత పోయాకో, పట్నం వెళ్ళిపోయాకో అవార్డు కూడా ఆగిపోతుంది. ఆ ప్రాంతపు కళాకారుడి పేరు పెడితే ఎవరు నడిపినా నడుస్తుంది. గుంటూరు వైపువాళ్ళకు పొన్నెకల్లు నుంచి వచ్చిన బుర్రకథ నాజర్ ఉన్నారు, జనగామ వైపువాళ్ళకు ఒగ్గుకథ చుక్క సత్తయ్య ఉన్నారు. అంత ప్రసిద్ధులే కానక్కర్లేదు, మీ ఊరి భజన గురువు పేరైనా సరే. కుటుంబాన్ని ఒక మాట అడిగి పెట్టండి. సర్టిఫికెట్ మీద నాలుగు సింహాల ముద్ర మాత్రం వేయకండి. దానికి 2005లో చేసిన చట్టమే ఉంది, ప్రైవేటు సంఘాలు వాడకూడదు.

## ఎంపిక దగ్గర

దరఖాస్తులు పిలిస్తే ఎప్పుడూ ఆ నలుగురే పంపుతున్నారు. మిగతావాళ్ళను ఎలా పట్టుకోవాలి?

దరఖాస్తు అనే పద్ధతిలోనే చిక్కుంది. చదువుకుని, ఫొటోలు దాచుకుని, ఫైలు తయారుచేసుకున్నవాళ్ళకే అది అనువు. పెద్ద కళాకారులకు "నాకు ఇవ్వండి" అని రాయడమే నామోషీ. అందుకని మీరే వెతకాలి. మైక్‌సెట్ అద్దెకిచ్చే అతన్ని అడగండి, మండలంలో ఎవరు ఎక్కడ కథ చెప్తారో సర్పంచు కన్నా అతనికే బాగా తెలుసు. హార్మోనియం బాగుచేసేవాళ్ళు, డోలుకు తోలు మూసేవాళ్ళు, నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చేవాళ్ళు, జాతర కమిటీ పెద్దలు కూడా ఇలాంటివాళ్ళే. ఎవరైనా మరొకరి పేరు చెప్పొచ్చని, వాట్సాప్ వాయిస్ మెసేజ్ పంపినా చాలని ప్రకటించండి. ఫారం నింపే పని కమిటీ కుర్రాళ్ళది.

బుర్రకథ దళంలో ముగ్గురుంటారు. అవార్డు కథకుడికి ఒక్కడికే ఇవ్వొచ్చా?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే. దీని దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి కూడా. తంబురా మీటుతూ కథ నడిపే కథకుడే కనపడతాడు నిజమే. కానీ పక్కన వంత పాడే ఇద్దరిలో గుమ్మెట డోలు కొడుతూ హాస్య వంత నవ్వించకపోతే, రాజకీయ వంత ఊరి సంగతులు మధ్యలో దూర్చకపోతే జనం అర్ధరాత్రి దాకా కూర్చోరు. వేదిక మీదికి కథకుణ్ణి ఒక్కణ్ణే పిలిచి శాలువా కప్పితే, తిరుగు ప్రయాణంలో ఆ ముగ్గురి మధ్య ఏం నడుస్తుందో ఊహించుకోండి. దళం విడిపోయిన సందర్భాలు లేకపోలేదు.

కాబట్టి దళంగా చేసే కళకు దళానికే ఇవ్వండి. సర్టిఫికెట్లు మాత్రం ఒక్కొక్కరి పేరున విడివిడిగా రాయించండి. రేపు పింఛనుకో, పిల్లల దరఖాస్తుకో పనికొచ్చేది ఆ విడి కాగితమే. నగదు ఎలా పంచాలో వాళ్ళనే అడిగి, ఎవరి వాటా వాళ్ళ ఖాతాలో వేయండి. తోలుబొమ్మలాటలో ఇంకో సంగతి ఉంది. అది ఇంటిల్లిపాదీ చేసేది, ఆడ పాత్రలకు పాడేది ఇంటి ఆడవాళ్ళే. అవార్డుల జాబితాలో మాత్రం ఇంటి పెద్దాయన పేరే ఉంటుంది. పద్యనాటకంలో కృష్ణుడికి చప్పట్లు పడతాయి, తెర పక్కన కూర్చుని ఆయన శ్రుతి తప్పకుండా కాచుకున్న హార్మోనిస్టు ఎవరికీ గుర్తురాడు. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో సంగీతానికి, ఆహార్యానికి (వేషధారణకు) విడివిడిగా బహుమతులుండే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఊరి అవార్డుకు కూడా అది అరువు తెచ్చుకోవచ్చు.

న్యాయనిర్ణేతలుగా ఎవరిని పెట్టాలి?

ముగ్గురు చాలు. ఒకరు ఆ కళ చేసేవాళ్ళై ఉండాలి, ఒకరు పక్క మండలం మనిషై ఉండాలి, ఒకరు కమిటీ నుంచి. తన శిష్యుడి పేరో బంధువు పేరో వచ్చినప్పుడు ఆ మనిషి లేచి బయటికి వెళ్ళాలని ముందే రాసుకోండి. ప్రొఫెసర్లు ఉంటే జాబితాకు అందమే కానీ, ఒగ్గుకథ వినని ప్రొఫెసర్ కన్నా నలభై ఏళ్ళుగా జాతరకు వెళ్ళే రైతు మంచి జడ్జి.

ఫలానా నాయకుడి మనిషికి ఇవ్వమని ఒత్తిడి వస్తే?

వస్తుంది. ఎంపికైనవాళ్ళ పేర్లు, ఒక్కొక్కరిని ఎందుకు ఎంచుకున్నారో నాలుగు వాక్యాలు పంచాయతీ బోర్డు మీద అతికిస్తామని మొదట్లోనే చెప్పేయండి. ఏమీ చేయని మనిషి గురించి నాలుగు వాక్యాలు రాయడం కష్టం, ఆ సంగతి అడిగేవాళ్ళకూ తెలుసు.

ఏడాదికి ఎంతమందికి ఇవ్వొచ్చు?

ముగ్గురికో, నాలుగు దళాలకో. ఒక్క సాయంత్రం నలభై మందికి ఇచ్చే సభల్లో పేర్లు చదివే గొంతు తప్ప ఇంకేమీ వినపడదు.

పెద్దవాళ్ళకే ఇవ్వాలా, కుర్రవాళ్ళకు కూడానా?

రెండూ వేర్వేరుగా పెట్టండి. కేంద్ర సంగీత నాటక అకాడమీ కూడా 2006 నుంచి నలభై ఏళ్ళ లోపువాళ్ళకు ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ పేరుతో యువ పురస్కారం విడిగా ఇస్తోంది. పెద్దవాళ్ళకు కావలసింది గుర్తింపు, ఆసరా. కుర్రవాళ్ళకు కావలసింది తర్వాతి ప్రోగ్రాం. ఇరవై ఏళ్ళ డప్పు కళాకారుడికి శాలువా కప్పడం కన్నా పక్క ఊరి కల్యాణ మహోత్సవంలో బేరం కుదిర్చిపెట్టడం మేలు.

## డబ్బు సంగతులు

నగదు ఎంత ఇవ్వాలి?

ఇంతని ఎవరూ చెప్పలేరు కానీ ఒక లెక్క వేసుకోవచ్చు. ఫ్లెక్సీలు, టెంటు, మైకు, పూలదండలు, అతిథుల కారు, భోజనాలు, అన్నిటి ఖర్చూ ఒక వైపు రాయండి. కళాకారుల చేతికి వెళ్ళేది రెండో వైపు రాయండి. రెండోది తక్కువైతే బడ్జెట్ తిరగరాయాలి. ఆ రాత్రి వేరే ఊళ్ళో కథ చెప్తే వచ్చే డబ్బు కన్నా మీ నగదు తక్కువ ఉంటే మీ సన్మానం ఆయనకు నష్టం. బస్సు ఛార్జీలు విడిగా, వెళ్ళేటప్పుడు కాకుండా వచ్చేముందే ఇవ్వాలి.

పెద్ద అవార్డు వస్తే బతుకు మారిపోతుందనుకోకండి. పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగిలయ్య కూలి పని చేస్తున్న దృశ్యాలు 2024లో వార్తల్లోకి వచ్చాయి. పద్మ పురస్కారంతో నగదు రాదన్న సంగతి చాలామందికి అప్పుడే తెలిసింది.

శాలువా, మెమెంటో లేకుండా బాగుండదు కదా?

ఒక్క శాలువా కప్పండి, ఫొటోకు కావాలి. పెద్ద కళాకారుల ఇళ్ళలో ట్రంకు పెట్టెల నిండా శాలువాలుంటాయి, గాజు మెమెంటోలు పెట్టుకోవడానికి గోడకు అలమరా ఉండదు. ఆ డబ్బుతో డోలుకు కొత్త మూత వేయించొచ్చు, హార్మోనియం రీడ్లు మార్పించొచ్చు, గజ్జెలు కొనిపెట్టొచ్చు. ఏది కావాలో ముందు వాళ్ళింటికి వెళ్ళి కనుక్కోండి.

అమెరికాలో ఉన్న మా ఊరివాళ్ళు డబ్బు పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా?

పంపేవాళ్ళ పాస్‌పోర్టు మీద ఆధారపడి ఉంటుంది. ఇప్పటికీ భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, భారత సంతతివాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వాళ్ళ నుంచి సంఘం తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఊరి సంఘాలకు సాధారణంగా అవి ఉండవు. అక్కడ ఎవరి పౌరసత్వం ఏమిటో మొహమాటపడకుండా అడగండి.

వచ్చిన నగదుకు కళాకారుడు పన్ను కట్టాలా?

బంధువులు కానివాళ్ళ నుంచి ఏడాదిలో బహుమతిగా వచ్చిన మొత్తం 50,000 రూపాయలు దాటితేనే అది ఆదాయం లెక్కలోకి వస్తుంది. ఊరి అవార్డులు అంత దాకా వెళ్ళడం అరుదు.

చెక్కు ఇస్తే వెనక్కి వచ్చింది. ఎందుకు?

పేరు వల్ల అయ్యుంటుంది. ఊరంతా ఒక పేరుతో పిలుస్తారు, పాస్‌బుక్కులో ఇంకో పేరుంటుంది. వేదిక మీద అట్టముక్క చెక్కు ఎంత పెద్దదైనా చూపించుకోండి, అసలు డబ్బు మాత్రం పాస్‌బుక్కు జిరాక్సు చూసి ఖాతాలో వేయండి. సర్టిఫికెట్‌లో కళాకారుడిగా తెలిసిన పేరు, ఆధార్‌లోని పేరు రెండూ ఉంటే తర్వాత టెన్షన్ ఉండదు.

## వేడుక రోజు

ఏ తేదీ మంచిది? అందరూ సంక్రాంతికో ఉగాదికో అంటున్నారు.

మనకు సెలవు దొరికే రోజు కళాకారులకు పని దొరికే రోజు. ధనుర్మాసం, సంక్రాంతి హరిదాసులకు, గంగిరెద్దులవాళ్ళకు ఏడాది తిండి సంపాదించుకునే కాలం. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది, అప్పుడు ఒగ్గు పూజారులకు ఊపిరి సలపదు. శివరాత్రి, శ్రీరామనవమి అంటే నాటకాలకు, హరికథలకు సీజన్. మీ సభ కోసం వాళ్ళు ఆ రోజు వదులుకుంటే జేబుకు చిల్లు పెట్టినవాళ్ళు మీరే.

ఖాళీగా, డబ్బుకు ఇబ్బందిగా ఉండే రోజులు చూడండి. ఆంధ్రాలో ఆషాఢం శూన్యమాసం, పెళ్ళిళ్ళుండవు, సన్నాయి డోలు కళాకారులు ఇంటి దగ్గరే ఉంటారు. అదే ఆషాఢం తెలంగాణలో బోనాల నెల, డప్పులకు, ఒగ్గు డోళ్ళకు తీరిక దొరకదు. అక్కడ ఇంకాస్త ఆగాలి. ఒక దినం పేరు కావాలంటే నాటకానికి కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు ఏప్రిల్ 16 ఉంది, తెలుగు నాటకరంగ దినోత్సవం అదే. జానపద దినోత్సవం ఆగస్టు 22. వానాకాలం కాబట్టి రెండోది కళాకారులకు వీలైన రోజే, టెంటు ఖర్చు మాత్రం పెరుగుతుంది.

కార్యక్రమం ఎలా నడపాలి?

ప్రదర్శన ముందు, ప్రసంగాలు తర్వాత. మామూలుగా తలకిందులుగా జరుగుతుంది. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వస్తారు, ఆయన మాట్లాడాక ఇంకో పదిమంది మాట్లాడతారు, మొహానికి రంగు వేసుకుని కూర్చున్నవాళ్ళకు చివర్లో "ఒక పది నిమిషాల్లో ముగించండి" అని చీటీ వెళ్తుంది. పైగా రాత్రి పదికి మైకు ఆపాలి. అది ఎస్సై గారి మాట మాత్రమే అనుకోకండి, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. సాయంత్రం ఆరుకు కథ మొదలుపెట్టేయండి. అతిథి వచ్చినప్పుడు వస్తారు, వచ్చాక కూర్చుని వింటారు. అవార్డు అందుకున్న మనిషి కళను ఊరు ఆ రోజు చూడకపోతే ఆ అవార్డు దేనికో ఎవరికీ అర్థం కాదు.

ఆహ్వాన పత్రికలో పేర్లు ఎలా వేయాలి?

అతిథులకు "శ్రీ", "గారు" పెట్టి కళాకారులకు ఉత్త పేరు వేసిన పత్రికలు ఎన్నో. అందరికీ ఒకేలా వేయండి, ఒకే సైజు అక్షరాల్లో. వేదిక మీద కుర్చీ కూడా అలాగే. కళాకారులను కింద చాప మీద కూర్చోబెట్టి, పేరు పిలిచినప్పుడు పైకి రమ్మనడం ఇంకా చాలాచోట్ల చూస్తున్నాం.

## వేడుక అయ్యాక

మా సర్టిఫికెట్ పింఛనుకు పనికొస్తుందా?

ఒక్కటే సరిపోదు, పక్కన ఆధారంగా పనికొస్తుంది. అందుకే "కళారత్న" లాంటి బిరుదుతో ఆపకుండా ఏ కళ, ఎన్నేళ్ళుగా, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊళ్ళలో చేశారు అన్నది అందులోనే రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో వృద్ధ కళాకారుల పింఛన్ల సంగతి భాషా సాంస్కృతిక శాఖ చూస్తుంది. కేంద్ర సాంస్కృతిక శాఖకు కూడా ఒక పథకం ఉంది, 60 ఏళ్ళు నిండి ఏడాది ఆదాయం 72,000 రూపాయలు దాటని కళాకారులకు నెలకు 6,000 దాకా ఇస్తారు. సన్మానం చేసిన వారంలోనే కమిటీలో ఒకరు కూర్చుని ఆ దరఖాస్తు నింపితే మీ అవార్డు నెల నెలా పనిచేస్తుంది.

పద్మశ్రీకి మనమే పేరు పంపొచ్చా? సిఫార్సు కావాలంటారు.

ఎవరైనా పంపొచ్చు, కళాకారుడు తనకు తానే పంపుకోవచ్చు కూడా. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే చేయాలి, ఫీజు లేదు. చేసిన సేవ గురించి 800 మాటలకు మించకుండా రాయాలి. పొగడ్తలు తీసేసి ఊళ్ళ పేర్లు, సంవత్సరాలు, శిష్యుల సంగతి, కళలో ఆయన ఒక్కరే చేయగలిగినదేమిటో రాయండి. గడువు ఏటా ఒకేలా ఉండదు. 2026 పురస్కారాలకు 2025 మార్చి 15 నుంచి జులై 31 దాకా తీసుకున్నారు. మార్చి నుంచే కన్నేసి ఉంచితే మంచిది. సాధారణంగా చనిపోయినవాళ్ళకు ఇవ్వరు, కాబట్టి వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోవద్దు.

ప్రదర్శన వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టుకోవచ్చా?

అడిగి పెట్టుకోవచ్చు. కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అని విడిగా ఉంది, ప్రదర్శన జరిగాక 50 ఏళ్ళ దాకా ఉంటుంది. కథ తాతల నాటిదైనా ఆ రాత్రి పాడిన పాట పాడినవాళ్ళదే. ఒక కాగితం మీద వాళ్ళ భాషలోనే రాసి, చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. డబ్బు వస్తే ఎంత వాటా అన్నది కూడా అందులోనే రాయాలి. ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ వాళ్ళకు ఇవ్వడం మర్చిపోకండి. తర్వాత బేరాలకు చూపించుకునేది అదే.

## కళాకారులు మమ్మల్ని అడిగేవి

"మీకు నేషనల్ అవార్డు వచ్చింది, ఎంట్రీ ఫీజు కట్టండి" అని ఫోన్ వచ్చింది. నిజమేనా?

డబ్బు కట్టమన్నారంటే అది అవార్డు అమ్మకం. పేరులో నేషనల్, ఇంటర్నేషనల్, లెజెండ్ ఎన్ని ఉన్నా అంతే. మెమెంటో ఖర్చు అనీ, భోజనాల ఖర్చు అనీ, డోనర్ పాస్ అనీ రకరకాలుగా అడుగుతారు. పెద్ద హాల్లో సభ జరుగుతోంది కదా అని నమ్మకండి, అద్దె కడితే హాలు ఎవరికైనా ఇస్తారు.

గౌరవ డాక్టరేట్ ఇస్తామంటున్నారు. పేరు ముందు "డాక్టర్" పెట్టుకోవచ్చా?

మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం చట్టం ప్రకారం ఏర్పడ్డ, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) గుర్తించిన విశ్వవిద్యాలయాలకే ఉంది. సంఘాలు, అకాడమీల పేరుతో ఇచ్చే డాక్టరేట్లకు విలువ లేదు. అసలు పద్మ పురస్కారాన్ని కూడా పేరు ముందో వెనకో బిరుదులా వాడకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఫ్లెక్సీల మీద మాత్రం అది ఎవరూ పాటించరు.

అవార్డు ఇస్తాం, అదే రోజు ఉచితంగా ప్రోగ్రాం చేయమంటున్నారు. ఏమనాలి?

సన్మానం వేరు, ప్రదర్శన వేరు అని చెప్పండి. దళంలో ఎంతమంది వస్తారు, రానుపోను ఛార్జీలు ఎంత, ఎన్ని గంటల కథ, పారితోషికం ఎంత అన్నవి ఫోన్‌లో మాట్లాడాక వాట్సాప్‌లో కూడా పెట్టించుకోండి. బయానా చేతికొచ్చాకే తేదీ ఖాయం చేయండి.